దిగుడు బడి

పొద్దున్నే ఆఫీసుకు రాగానే ఆమె చేసే మొదటి పని కంప్యూటరు మీది దుమ్ము తుడవడం, రెండోది బడుల మార్కులు తెరవడం. విద్యాశాఖలో ఆమె ఉద్యోగమే అది. ఏ బడిలో ఎంతమంది చేరారు, ఎంతమంది గట్టెక్కారు, ఎవరు మధ్యలో మానేశారు, అన్నీ పోగేసి గీతలుగా, చుక్కలుగా గీసి పైవాళ్లకు చూపించాలి. ఆఫీసంతా ఆమెను చుక్కలమ్మ అనేవాళ్లు.

ఊళ్లో బడులు చాలా ఉన్నా అందరి నోళ్లలో నానేవి రెండే. గుట్ట దారిలో ఉన్నది మెరక బడి. ఏటా నూటికి నూరు. బస్సు డిపో వెనక ఉన్నది దిగుడు బడి. అక్కడ పరీక్ష తప్పేవాళ్లే ఎక్కువ కాబట్టి, ఫలితాలు వచ్చిన ప్రతిసారీ అది భూమిలోకి ఇంకాస్త దిగేది. గుమ్మం ఎప్పుడో మునిగింది. పిల్లలు కిటికీల్లోంచి లోపలికి దూకేవాళ్లు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి వాన నీళ్లు పోకుండా చుట్టూ గట్టు ఇంకో వరస పెంచి వెళ్లేవాళ్లు. అంతే, పెద్ద విషయమేం కాదు.

చుక్కలమ్మ ఉండేది అన్నయ్య ఇంట్లోనే. అన్నయ్య కూతురు చిట్టి మెరక బడిలో చదివేది. తొమ్మిదో తరగతి చివర బడివాళ్లు అన్నయ్యను పిలిచి కుర్చీ వేశారు. "అమ్మాయి లెక్కల్లో వెనకబడింది. టీసీ మీ అంతట మీరే అడిగితే గౌరవంగా ఉంటుంది" అన్నారు. అన్నయ్య అడిగాడు. చిట్టిని దిగుడు బడిలో చేర్చాడు. వదిన ఇరుగుపొరుగుకు "దగ్గరని మార్చాం" అని చెప్పుకుంది.

తన ఇంటిదాకా వస్తే గానీ చుక్కలమ్మకు తెలిసిరాలేదు. ఇన్నాళ్లూ బడులనే చూసింది తప్ప పిల్లల్ని చూడలేదు. బడుల వారీ లెక్క పక్కన పెట్టి, ఒక్కొక్కరినీ ఏటికేడు వెంబడించింది. ఎక్కడ చేరారు, ఎక్కడికి పోయారు, ఎన్ని మార్కుల నుంచి ఎన్నింటికి వచ్చారు. మెరక బడి గుట్టు బయటపడింది. తప్పేలా ఉన్నవాళ్లంతా పరీక్షకు ముందే బయటికి. వాళ్లంతా తేలేది దిగుడు బడిలో. అక్షరాలు కూడబలుక్కుంటూ వచ్చినవాళ్లు అక్కడ గడగడా చదువుతున్నారు. అన్ని బడుల్లోకీ పిల్లలు ఎక్కువగా ఎదిగింది ఆ మునిగే బడిలోనే.

కళ్లారా చూద్దామని వెళ్లింది.

"రామ్మా, కిటికీలోంచే. మా బడికి ఎంతటివాళ్లయినా తల వంచుకునే రావాలి" అంటూ పెద్దమాస్టారు చెయ్యి అందించాడు.

లోపల పగలే లైట్లు వేసి ఉన్నాయి. గోడ పక్క బెంచీలో చిట్టి ఒక లెక్కను పక్కమ్మాయికి విడమరిచి చెబుతోంది.

"ఈ పిల్లకు లెక్కలు రావన్నారు కదండీ?"

"నిజమే, రావు. ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. కాస్త ఓపిక పట్టాలి. ఆ ఓపికకు మార్కులుండవు కదమ్మా."

ఆమె పెద్ద బొమ్మ గీసింది. మెరక బడి వదిలించుకున్న ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఒక ఎర్ర చుక్క. కింద ఎవరి చుక్క ఎవరిదో పేర్లు.

డైరెక్టరు గారు బొమ్మను చాలాసేపు చూశాడు. "బాగా చేశావమ్మా. అంటే ఈ ఎర్రవాళ్లు ఎక్కడ చేరితే ఆ బడి దిగుతుందన్నమాట."

"కాదు సార్. వాళ్లను పైకి ఎత్తుతున్నదే ఆ బడి. ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో చూస్తే..."

"అవన్నీ నీకూ నాకూ అర్థమవుతాయి. పైన అడిగేది ఒక్కటే. బడి దిగిందా, లేదా?"

"దిగింది సార్."

"మరి?"

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. భవనం ప్రమాదకరం, పైకి లేచేదాకా బడి మూసివేత. పెద్దమాస్టారికి దూరపు బదిలీ. పిల్లల్ని మిగతా బడులు చేర్చుకోవాలన్నారు గానీ, చుక్కలమ్మ బొమ్మ అప్పటికే అన్ని బడులకూ చేరింది. ఎర్ర చుక్కను తెచ్చి నెత్తిన పెట్టుకునే హెడ్మాస్టరు ఒక్కడూ దొరకలేదు. ఆ చుక్కలు తీసేయించండి సార్ అని ఆమె డైరెక్టరు గారిని బతిమాలింది.

"ఉన్న లెక్కను దిద్దమంటున్నావా? అదీ నువ్వు?" అన్నాడాయన.

చిట్టి మాత్రం బెంగపెట్టుకోలేదు. లేచేదాకానే కదా అని రోజూ సాయంత్రం డిపో వెనక్కి వెళ్లి చూసొచ్చేది. తప్పడానికి పిల్లలే లేరు గనక బడి లేవడం మొదలుపెట్టింది. ముందు కిటికీల అడుగు కనిపించింది, తర్వాత గుమ్మం, తర్వాత మట్టి పేరుకున్న మెట్లు. వానలు వెనకబట్టేసరికి నేల మీద నిటారుగా నిలబడింది. పేపర్లో డైరెక్టరు గారి ఫోటో వేశారు.

మర్నాడు చిట్టి యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వెళ్లింది. గేటు మీద మెరక బడి రెండో శాఖ అని కొత్త బోర్డు వేలాడుతోంది. గుమాస్తా ఆమె పేరు కంప్యూటరులో కొట్టి చూసి, "నీకు ఎర్ర చుక్క ఉందమ్మా. కుదరదు" అన్నాడు. ఎవరు పెట్టారని అడిగితే అదీ చెప్పాడు.

చుక్కలమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి చిట్టి వరండాలో కూర్చుని ఉంది. యూనిఫాం ఇంకా విప్పలేదు.

"అత్తా, ఆ ఎరుపు పెట్టింది నువ్వేనటగా?"

చుక్కలమ్మ చెప్పులు విప్పబోయి ఆగిపోయింది. "నేనేనే. మీకు జరిగింది అందరి కంట్లో పడాలని పెట్టాను."

"పడిందిలే అత్తా" అంది చిట్టి.

లేచి లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుంది. ఆ సోమవారం నుంచే బజారులో బట్టల కొట్టులో మడతలు పెట్టే పనికి కుదిరింది.