సోమ్లీకి తెలిసిన మాటలు

భూపాలపల్లికి వచ్చి పదకొండు రోజులైంది. నా చెయ్యి మాత్రం ఇంకా జనగామలోనే ఉంది, రోజూ ఒక జొన్నరొట్టె ఎక్కువ చేస్తోంది. పిండి కలిపేటప్పుడు గుర్తుండదు. ఆఖరి రొట్టె పెనం మీద వేశాక గుర్తొస్తుంది. "ముగ్గురం ఉన్నం. గీ రొట్టె ఎవలకు?" అని కుమార్ పొద్దున్నే అడుగుతాడు. జవాబు తెలిసే అడుగుతాడు. పదమూడేళ్ల కాపురంలో ఆయన నన్ను అడిగినవన్నీ దాదాపు అలాంటి ప్రశ్నలే. మధ్యాహ్నం ఆ రొట్టెను మజ్జిగలో నానబెట్టుకుని నేనే తింటాను. సోమ్లీ అలాగే తినేది.

సోమ్లీ మా యాడి కుక్క. మా భాషలో యాడి అంటే అమ్మ. మాది కురవి దగ్గర ఒక తండా. సోమవారం పుట్టిందని యాడి దానికి సోమ్లీ అని పేరు పెట్టింది. గోధుమరంగు ఒళ్లు, తెల్లటి పాదాలు, ఒక చెవి కొంచెం వంగి ఉంటుంది. మూడేళ్ల కింద యాడి పోయింది. దినం నాడు వంటలన్నీ అయిపోయి, అందరూ సర్దుకుంటుంటే, నాలుగు నెలల ఆ కుక్కపిల్ల వచ్చి మా ఆటోలో నా కాళ్ల దగ్గర పడుకుంది. తమ్ముడు దేవ్యా అప్పటికే హైదరాబాద్‌లో కట్టడం పనికి పోతున్నాడు, ఇంటికి తాళం పడుతుంది. దాన్ని కిందికి దింపడానికి ఎవరికీ చేతులు రాలేదు. చావు ఇల్లు కాబట్టి కుమార్ కూడా ఏమీ అనలేదు. అనడం జనగామ చేరాక మొదలుపెట్టాడు. "సోమ్లీ ఏంది? నలుగుర్ల గట్ల పిలిస్తే మనం ఎవలమో తెల్వదా?" అని దానికి స్వీటీ అని పేరు పెట్టాడు.

నాకు పెట్టినట్టే. పెళ్లికి ముందు నేను రాధాబాయిని. జనగామలో ఇల్లు అద్దెకు తీసుకున్న రోజే ఆయన నా పేరులోంచి బాయిని తీసేశాడు. "ఇంట్ల తెలుగే మాట్లాడాలె. లేకుంటే పిల్ల చదువు ఖరాబైతది" అని అప్పటికింకా పుట్టని పిల్ల కోసం షరతు పెట్టాడు. నేను అలాగే అన్నాను. ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను. చిన్నప్పుడు హాస్టల్లో తెలుగు సరిగా రాలేదని తోటిపిల్లలు ఆయన్ను ఏమేమి అన్నారో, అన్నం పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చునేవాడో పెళ్లైన కొత్తలో ఒకసారి చెప్పి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసే నేను నోరు మూసుకున్నాను. ఆయనకు తగిలిన దెబ్బకు నా నోటికి కట్టు కట్టుకున్నానన్న సంగతి నాకు చాలా ఏళ్ల దాకా తట్టలేదు.

నేనొక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఏం చెప్పేదాన్నంటే, తెలుగే. "రాధా మేడం, మీ తెలుగు మస్తుంటది. మీరు లంబాడోళ్లని అస్సలు తెల్వది" అంది ఒకసారి తోటి టీచరు, మెచ్చుకుంటూ. నేను థాంక్స్ చెప్పాను. ఆ థాంక్స్ గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

యాడి బతికి ఉన్నప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. నేను ఫోన్ తీసుకుని డాబా ఎక్కేదాన్ని. కుమార్ వాళ్లమ్మ ఫోన్ చేస్తే ఆయన కూడా డాబానే ఎక్కేవాడు. మా ఇంట్లో మా భాషకు డాబా మీద తప్ప చోటు లేదు. యాడి పోయాక ఆ వేళకు నా కాళ్లు వాటంతట అవే మెట్లు ఎక్కేవి. వెనకాల సోమ్లీ వచ్చేది. బట్టలు తీస్తూ, మడతపెడుతూ దానితో అన్నీ చెప్పేదాన్ని. బళ్లో ఎవరేమన్నారో, కూరలో ఉప్పెక్కువైతే ఈయన ఏమన్నాడో, యాడి చేసే చింతపండు పులుసు నాకెందుకు కుదరదో. "ఆవ్" అంటే వచ్చేది. "బేస్" అంటే కూర్చునేది. కూర్చుని, ఆ వంగిన చెవితో మొత్తం వినేది. నా మాటలు పూర్తయ్యే దాకా లేవని మనిషిని నేను మా ఇంట్లో చూడలేదు.

కిందికి దిగితే అది స్వీటీ. ఆ పేరుకు ఒక్కసారీ పలకలేదు. "దీనికి బుద్ధి లేదు" అనేవాడు కుమార్. నా కూతురు దీపకు అప్పుడు ఎనిమిదేళ్లు. "స్వీటీ, కమ్! స్వీటీ, సిట్!" అని బిస్కెట్ చూపించి బతిమాలేది. అది బిస్కెట్ వైపు కాకుండా నా వైపు చూసేది. రెండు మూడు నెలలు అలా చూసి చూసి, "మమ్మీ, అదెందుకో నన్ను లైక్ చేస్తలేదు" అని దీప ఆ బిస్కెట్ తనే తినేసి వెళ్లిపోయింది. పిలవాల్సిన మాటలు వేరే ఉన్నాయమ్మా అని నేను చెప్పలేదు. కుమార్ పక్కనే పేపర్ చదువుతున్నాడు.

ఈ మధ్య ఆయనకు ప్రమోషన్ మీద భూపాలపల్లి పడింది. ఇల్లు మాట్లాడుకుని వచ్చిన సాయంత్రం, చెప్పులు విప్పుతూ చెప్పాడు. "ఇల్లు మంచిగున్నది. కుక్క ఉంటె మాత్రం ఇయ్యం అన్నరు. నేను లేదని చెప్పిన." లేదని చెప్పేశాక ఉన్న కుక్కను ఏం చేయాలో ఆయనే ఆలోచించి పెట్టాడు. హనుమకొండలో జంతువుల షెల్టర్ ఉందట, దారిలోనే దింపి పోవచ్చట. నా ఉద్యోగం సంగతి అడిగితే, "నీదేమన్న గవర్నమెంట్ నౌకరా?" అన్నాడు. ఆరేళ్లు చేసిన పనికి ఒక కాగితం రాసిచ్చి వచ్చాను. ఇంకో ఇల్లు చూద్దామని ఒక్కసారి అన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి కూడా అని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు రోజూ రొట్టె తింటూ ఆలోచిస్తున్నాను.

సామాను బండి ముందు వెళ్లిపోయింది. మేం కారులో వెనకాల బయలుదేరాం. దారిపొడవునా సోమ్లీ నా పాదాల మీద పడుకుంది. షెల్టర్లో పల్లవి అనే అమ్మాయి ఎదురొచ్చి, ఫారం తీసి కుమార్‌నే అడగడం మొదలుపెట్టింది. యజమాని ఆయనే అని ఆయనే చెప్పాడు మరి. పేరు? స్వీటీ. వయసు? "రెండో... మూడో." ఏం తింటది? "ప్యాకెట్ ఫుడ్." మా ఇంట్లోకి ఆ ప్యాకెట్ ఎప్పుడూ రాలేదు. దేనికి భయపడుతుంది? "భయమేం లేదు." ఉరిమితే అది నా మంచం కిందికి దూరేది, మూడేళ్లలో ఆయనకు ఆ సంగతే తెలియదు. పల్లవి రాసుకుంటూ పోతోంది.

"ఏ మాటలు వింటదన్నా? అంటె ఇంట్ల మీరు ఏ భాష మాట్లాడ్తరు?"

"తెలుగు. ఇంగ్లిష్ గూడ" అన్నాడు కుమార్.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతిలోనే దాని తాడు ఉంది. అప్పుడు నోరు తెరిస్తే సరిపోయేది. పల్లవి ముందు ఆయన మొహం చిన్నబోతుందని ఊరుకున్నాను. ఆయన మొహం గురించి ఆలోచించినంత నేను దాని బతుకు గురించి ఆలోచించలేదు. "పదిహేను రోజుల్ల మనసు మారితె వచ్చి తీస్కపోండి. తర్వాత ఎవరన్న అడిగితె ఇచ్చేస్తం" అని పల్లవి ఫారం నా వైపు తిప్పింది. కుటుంబ సభ్యుల సమ్మతి అన్న చోట రాధ అని సంతకం పెట్టి, పక్కన నా ఫోన్ నంబరు రాశాను. సోమ్లీని లోపలికి తీసుకుపోతుంటే అది నాలుగు కాళ్లూ నేలకు బిగబట్టి నన్నే చూసింది. పొమ్మని మా భాషలో చెబితే పోయేది. అదీ చెప్పలేదు, ఈడ్చుకుపోయారు.

ఇవాళ ఆదివారం. కుమార్ కొత్త ఆఫీసులో పై అధికారి ప్రభాకర్ గారు, ఆయన భార్య శశికళ గారు మొదటిసారి మా ఇంటికి వచ్చారు. హాల్లో కుమార్ ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడుతున్నాడు. నేను వంటింట్లో చాయ్ పోస్తుంటే ఫోన్ మోగింది. పల్లవి.

"అక్కా, స్వీటీ సరిగ తింటలేదు. పిలిస్తె పలుకుత లేదు. చెవుడేమో అని డాక్టర్‌కు గూడ చూపిచ్చినం, చెవులు మంచిగనే ఉన్నయట. రెండు ఫ్యామిలీలు వచ్చి పిలిచి పిలిచి వద్దని పోయిన్రు. ఇప్పుడు రేగొండకెల్లి ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమె గూడ పొద్దటిసంది దాని ముంగట కూసున్నది. ఎవ్వలు తీస్కపోకపోతె వెనక షెడ్డుల ముసలి కుక్కలతోని ఉంచాలె అక్కా, జీవితమంత. మీరు ఎట్ల పిలిచేటోళ్లు?"

చాయ్ గిన్నె కింద పెట్టాను. "అది తెలుగు వినదు" అన్నాను మెల్లగా.

"ఏందక్కా? వినపడ్త లేదు."

"ఫోన్ దాని దగ్గర పెట్టు. నేను పిలుస్త."

"పెట్టిన. స్పీకర్ ఆన్ చేసిన."

"సోమ్లీ" అన్నాను. గుసగుసలాగే వచ్చింది. అటు నుంచి వేరే కుక్కల అరుపులు తప్ప ఏమీ వినిపించలేదు. "జర గట్టిగ అక్కా, ఈడ మస్తు లొల్లి ఉన్నది." నేను హాలు వైపు చూశాను. కుమార్ నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా అలవాటు. పదమూడేళ్లుగా ఆ చూపు చూసి ఆగిపోయేదాన్ని. ఇవాళ దాన్ని చూస్తూనే, తండాలో మా యాడి చేనుకు వినపడేలా కేకేసినట్టు కేకేశాను.

"సోమ్లీ! ఆవ్! ఆవ్ సోమ్లీ!"

హాల్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఫోన్లో మొదట గోళ్లు నేలను గీరిన చప్పుడు, తర్వాత ఏడుపు. కుక్కలు ఏడవవంటారు, అది ఏడ్చింది. నన్ను వెతుక్కుంటూ ఆ ఫోన్‌ను నాకుతోందని పల్లవి చెబుతోంది. నేనిక ఆగలేదు. తిను అన్నాను, కూర్చో అన్నాను, నన్ను క్షమించు అన్నాను, నిన్ను ఇచ్చేసిన ఇంటి దొంగను నేనే అన్నాను, అన్నీ మా భాషలోనే, గొంతు పగిలేలా. నా ఏడుపు హాల్లోకి వినపడుతోందని తెలిసీ ఆపలేదు.

"నాలుగు రోజులు టైమున్నదక్కా. తీస్కపోతరా?" అంది పల్లవి కాసేపయ్యాక.

తీసుకుపోతాను అనాలి. ఇల్లు ఖాళీ చేయమంటారు, మళ్లీ ఇంకో ఇల్లు, ఈయన గొడవ, దీప బడి, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. "లేదమ్మా" అన్నాను. ఆ మాట తెలుగులోనే వచ్చింది.

అటువైపు ఫోన్ చేతులు మారింది. "బిడ్డా, నా పేరు వెంకటనర్సమ్మ. ఇప్పుడు నువ్వు దానితోని మాట్లాడిన మాటలు నాకు గూడ చెప్పు. కాయితం మీద రాస్కుంట" అంది ఒక పెద్దావిడ గొంతు. ఒక్కొక్కటే చెప్పాను. రా. కూర్చో. తిను. ఏం కాదు, నేనున్నా. ఆవిడ ప్రతిదీ రెండుసార్లు పలికి సరిగ్గా ఉందా అని అడిగింది. ఉరిమితే మంచం కిందికి పోతుందని, జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టి పెట్టాలని కూడా చెప్పాను. "గట్లనే బిడ్డా" అంది. మా యాడి మాటలు రేగొండ నుంచి వచ్చిన, ముక్కూమొహం తెలియని ఒకావిడ నేర్చుకుంది.

చాయ్ చల్లారిపోయింది. మళ్లీ పెట్టి ఇచ్చాను. శశికళ గారు కప్పు అందుకుంటూ, "మీరు లంబాడోళ్లా? మాకు ముందే తెలుసు లెండి, ఆఫీసుల కాయితాలు వస్తయి గదా" అంది, వంటలో కారం ఎక్కువేస్తారా అని అడిగినంత మామూలుగా. కుమార్ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు జాలేసింది. ఎవరి దగ్గర దాచడానికి మేమిద్దరం ఇన్నేళ్లు నోళ్లు కుట్టుకున్నామో వాళ్లకు మొదటి రోజే తెలుసు. వాళ్లు వెళ్లిపోయాక, "పరువంత తీసినవ్" అని ఆయన ఒకే మాట అని బయటికి వెళ్లిపోయాడు. వీధి చివర ఫోన్ చెవికి పెట్టుకోవడం కిటికీలోంచి కనిపించింది. వాళ్లమ్మకే చేస్తున్నాడు.

నేను వంటింట్లో నేల మీద కూలబడ్డాను. పొద్దుటి రొట్టె గిన్నె కింద అలాగే ఉంది. దీప వచ్చి గుమ్మంలో నిలబడింది. దానికిప్పుడు పదకొండేళ్లు.

"మమ్మీ, నువ్వట్ల ఏడ్వంగ నేను ఎప్పుడు సూడలె."

"ఏం లేదు బేటా."

"సోమ్లీతోని గట్ల మాట్లాడేదానివా రోజు? డాబా మీద?" కాసేపు గోడకు గోరుతో గీసింది. "నాతోని ఎప్పుడు గంత ప్రేమగ మాట్లాడలే."

లేదని అనబోయాను. దానితో ఇన్నేళ్లూ అన్నవి గుర్తొచ్చాయి. అన్నం తిను, హోంవర్క్ చెయ్, జడ సరిగ పెట్టుకో, మెల్లగా మాట్లాడు. పదకొండేళ్లుగా నా బిడ్డకు నేను చెప్పిన తెలుగు అది. బళ్లో పిల్లలకు చెప్పిన తెలుగు కూడా అదే. మా యాడి నాకు పెట్టిన మాటలన్నీ మూటగట్టి డాబా మీద ఒక కుక్కకు పెట్టాను. ఆఖరికి ఆ కుక్కను కూడా ఇచ్చేశాను.

రొట్టె చేతిలోకి తీసుకుని రెండు ముక్కలు చేశాను. దీప మొహంలోకి చూసి, మా యాడి నన్ను పిలిచినట్టే, ఇలా రా, నా పక్కన కూర్చో, ఇద్దరం తిందాం అని మా భాషలో అన్నాను. దీప కదలలేదు. రమ్మంటున్నానో పొమ్మంటున్నానో తెలియక, తప్పు చేసినదానిలా నా పెదాల వైపే చూస్తూ నిలబడింది. సోమ్లీ అయితే ఈపాటికి వచ్చి కూర్చునేది.

పక్కన నేల మీద చేత్తో తట్టి, మళ్లీ మొదటి నుంచి, మెల్లగా చెప్పాను.