పస్తుపెట్టిన చీమలు

బెంగళూరులోని పెద్ద విశ్వవిద్యాలయంలో రంజిత చీమల మీద పరిశోధన చేస్తోంది. ఆకలి ముదిరితే అవి మేత కోసం ఎంత దూరం పోతాయో చూడాలని, గాజుపెట్టెలోని చీమలన్నిటినీ పస్తుపెట్టింది. ఆ రోజు చిక్కపేట నుంచి క్యారియర్‌లో బొబ్బట్లు, తన మాటలో ఓళిగలు, తెచ్చిన అవ్వ అక్కయమ్మను ల్యాబులో కూర్చోబెట్టి, పొద్దున్నుంచీ టీతోనే ఉన్నానంటూనే గైడు పిలిస్తే వెళ్లింది. తిరిగొచ్చేసరికి పెట్టెలో ఓళిగ తునకల చుట్టూ చీమలు మూగి ఉన్నాయి.

“నా పనంతా గంగలో కలిపేస్తివి కదా అవ్వా! వాటి కడుపు మాడిస్తేనే కదా నా చదువు సాగేది!” అని కసిరింది రంజిత.

అక్కయమ్మ బెదరలేదు. మిగిలిన ఓళిగను మనవరాలి చేతిలో పెట్టింది.

“పొద్దున్నించీ టీ తప్ప ఏమీ ఎరగనంటివే. మరి నిన్నెవురమ్మా పెట్టెలో పెట్టి చూస్తా ఉండేది?”