ఉప్పు ముంత

ఎద్దులు మళ్లీ ఆగాయి. తమ ఊరు ఎల్లారెడ్డి ఇంకా కూతవేటు దూరం ఉందనగా, బాట పక్కన కల్లు దుకాణం పందిరి కనబడగానే ఆగిపోవడం వాటికి అలవాటు. రాజలింగు తాగుడు మాని ఏడాది దాటింది గానీ, ఆ సంగతి ఎద్దులకు చెప్పేదెవరు? అందుకే ఇక్కడికి రాగానే అతను బండి దిగి, పగ్గాలు పట్టుకుని, తల వంచుకుని వాటిని నడిపించుకుపోతాడు. దవడలో బెల్లం ముక్క ఉంటుంది. పులిసిన వాసన ముక్కుకు తగిలినప్పుడు దాన్ని గట్టిగా చప్పరిస్తాడు.

"ఏంది రాజలింగన్నా, ఎడ్లకున్న యాది గూడ నీకు లేకపాయె!" అని దుకాణంలో కల్లు పోసే హనుమాండ్లు నవ్వాడు. ప్రతిసారీ అనే మాటే. రాజలింగు కూడా ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాడు.

ఊళ్లోని బెల్లాన్ని కామారెడ్డి స్టేషనుకు తోలడం, వచ్చేటప్పుడు కిరసనాయిలు డబ్బాలు వేసుకురావడం అతని బతుకు. యుద్ధం వచ్చాక డబ్బాలు దొరకక బండి ఖాళీగానే తిరిగొస్తోంది. నల్లగా, పొడుగ్గా, వెన్ను కాస్త వంగి ఉంటాడు. అరచేతుల్లో పగ్గం ఒరుసుకున్న కాయలు. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ తాగి బండి మీంచి పడ్డప్పటిది. ఆ తాగుడు భరించలేకే భార్య సాలవ్వ మాచారెడ్డిలోని పుట్టింటికి పోయి మారుమనువు చేసుకుంది. నెత్తురు కక్కుకున్న రాజలింగును అదే బండిలో పడుకోబెట్టి, ముసలి చేతులతో ఎద్దులను తోలుకుంటూ మిషను దవాఖానకు తీసుకుపోయింది అవ్వ, అతని కన్నతల్లి పోచవ్వ. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరు నవ్వింది. ఊరికేం, నవ్వడానికి పన్నేమైనా కట్టాలా?

దవాఖానలో చేతులు వణికాయి, గోడల మీద లేని పాములు కనిపించాయి. కాంపౌండరు స్వామిదాసు పక్కన కూర్చుని చెప్పాడు. "గొంతు అడుగుతనే ఉంటది రాజలింగూ. అడిగినప్పుడల్ల ఏదన్న తీపి వెయ్యి. నీ బండి నిండ బెల్లమే గద!"

రాజలింగు ఇంటికి తిరిగొచ్చిన రోజే పోచవ్వ తన కల్లు ముంతలో ఉప్పు పోసి గూట్లో పెట్టేసింది. జీవితమంతా పొద్దుగూకగానే ఒక ముంత తాగి కూనిరాగం తీసిన మనిషి! "నీ ముంగట నేను తాగితే నీ పాణం గుంజుతది బిడ్డా" అంది, అంతే. దాంతో పాటే పాటా మానేసింది. కొడుకు బండి విప్పగానే గడప దగ్గరికి పిలిచి మూతి వాసన చూసేది. నలభై ఏళ్ల మగవాడు బుద్ధిగా వంగేవాడు. "బెల్లమే" అనేది తృప్తిగా. లోకంలో అతని కోసం ఎదురుచూసే ముక్కు అదొక్కటే.

ఇవాళ గడపలో ఎవరూ లేరు. పోయేటప్పుడు ఒళ్లు వెచ్చగా ఉందన్న అవ్వ, వచ్చేసరికి నులక మంచానికి అతుక్కుపోయి ఉంది. పక్కింటి చంద్రవ్వ తడిగుడ్డతో ఆమె పెదవులు అద్దుతోంది.

"గంజి గూడ దిగుతలేదు. మనసుల ఏమున్నదో అడుగు, రాజలింగూ" అంది మెల్లగా.

అడిగాడు. "ఏమొద్దు" అంది పోచవ్వ. కానీ చూపు గూట్లోని ముంత మీదికి పోయి, కాసేపు నిలిచి, చప్పున తిరిగొచ్చింది. రాజలింగు కూడా ముంత వైపు చూశాడు. ఏడాదిగా ఆ దాహం తనొక్కడిదే అనుకున్నాడు.

ఉప్పు చేటలోకి ఒంపి, ముంత పట్టుకుని వచ్చిన దారినే నడిచాడు. హనుమాండ్లు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు.

"అవ్వకా?"

"అవ్వకే."

తిరుగుదారిలో నురగ వేళ్ల మీదికి జారింది. దవడలో బెల్లం ఎప్పుడో కరిగిపోయింది. ఆ వేలు నోట్లో పెట్టుకుంటే ఎవరు చూడొచ్చారు? సాలవ్వ నవ్విన రోజులు, అవ్వ పాటలు, అన్నీ ఆ వాసనలోనే ఉన్నాయి. తాగాలని ఉంది. ఏడుపొచ్చేంతగా ఉంది. తన ఎద్దుల్లాగే బాట మధ్యలో ఆగిపోయాడు. తర్వాత వంగి, వేళ్లను మట్టికి రాసుకుని, మళ్లీ నడిచాడు.

అవ్వ తలను చంద్రవ్వ ఎత్తి పట్టుకుంటే ఒక గుక్క పోశాడు. పోచవ్వ మొహం ముడుచుకుంది.

"ఉప్పగున్నదిరా! ముంత కడుగలేదా?"

కడగడం మరిచిపోయాడు. ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు, కళ్లలో నీళ్లతో. ఉప్పగా ఉన్నా ఆమె ఇంకో గుక్క ఇష్టంగా మింగి, "ఇటు రా" అంది. వంగాడు. చాలాసేపు వాసన చూసింది.

"బెల్లం గూడ లేదు బిడ్డా. ఉత్త నీ వాసనే."

దీపాలు పెట్టే వేళకు ఆమె ఊపిరి నిలిచిపోయింది. రాజలింగు మిగిలిన కల్లును వాకిట్లో మట్టికి పోసి, ముంతను గడప పక్కన బోర్లించాడు.

మర్నాడు మట్టి చేసి వచ్చినవాళ్లు ఆచారం ప్రకారం దుకాణం పందిరి కింద కల్లుకు కూర్చున్నారు. హనుమాండ్లు అతనికీ పోయబోయాడు. "ఒక్క గుక్క తాగన్నా, దుఃఖం దిగుతది."

"వద్దు. ఇంటికి పోతె అవ్వ మూతి వాసన చూస్తది" అనేశాడు అలవాటుగా. ఎవరూ నవ్వలేదు. హనుమాండ్లు కల్లు లొట్టిని పక్కకు జరిపాడు.

ఇంటికొచ్చిన రాజలింగు గడప దగ్గర ఆగి, కాస్త వంగాడు. అక్కడ బోర్లించిన ముంత ఉంది, అంచున ఇంకా ఉప్పు తెల్లగా అంటుకుని.