సీరియల్ లైట్ల అమ్మవారు

శేషగిరికి రాని విద్య లేదు, ఒక్కటి తప్ప. పొరబడ్డానని ఒప్పుకోవడం రాదు. ఉప్పు మరిచిపోయి ఉప్మా చేస్తే బీపీకి మంచిదంటాడు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దారి తప్పితే ఊరు చూపించానంటాడు. ఇలాంటి మనిషిని భరించడానికి ఛాయాదేవికి ఇంట్లో ఒకటే తోడు, పూజగదిలోని పంచలోహపు అమ్మవారు. మొగుడి మీద చాడీలన్నీ ఓపిగ్గా వినేది ఆవిడే.

ఆవిణ్ణి తెచ్చిందీ శేషగిరే. డాలస్‌లో ఎవరో పెద్దాయన పోతే ఇంట్లో సామానంతా అమ్మేస్తున్నారని, సోఫా కోసం వెళ్ళి విగ్రహంతో తిరిగొచ్చాడు. పీఠానికి రెండు పక్కలా ఉన్న రంధ్రాలు చూసి, "సీరియల్ లైట్ల వైరు దూర్చడానికి. డెకరేషన్ పీస్ కదా, భలే డిజైన్ చేశాడు!" అని తేల్చేశాడు. దీపావళికి ఎవరొచ్చినా ఆ వైరు చూపించందే విస్తరి వెయ్యనివ్వడు.

ఆ శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి కూతురు అంకిత వచ్చిందని, ముగ్గురూ తెలుగు డబ్బింగులో ఓ తమిళ సినిమా పెట్టుకున్నారు. గుళ్ళో విగ్రహం మాయం, దాని వెనకాల ఓ పోలీసాఫీసరు. దొంగతనానికి ముందు ఊరేగింపు. పీఠం రంధ్రాల్లో కర్రలు దూర్చి అమ్మవారిని భుజాలకెత్తుకున్నారు.

ఛాయాదేవి చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది. "ఏమండీ, ఒక్కసారి వెనక్కి పెట్టండి."

పెట్టాడు. చూశాడు. "సినిమా ఛాయా. అన్నీ సెట్టింగులు."

"మన అమ్మవారికీ అలాగే ఉన్నాయి కదండీ."

"ఉంటే? మా ఇంట్లో దొంగసొత్తుంది రండి అని ఫోన్ చెయ్యమంటావా? గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు తల్లీ!"

"స్టోలెన్ అయితే ఇచ్చేయాలి కదా, మామ్?" అంది అంకిత.

ఇచ్చేయాలి. ఆ మాట ఛాయాదేవికి ముల్లులా గుచ్చుకుంది. నోరు మూసుకుంటే అమ్మవారు ఇక్కడే ఉంటుంది. మొగుడి మాటే నిజమనుకోవడం ఇంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు పొద్దున అభిషేకానికని వైరు లాగింది. రంధ్రాల అంచులు వేలికి నున్నగా తగిలాయి. లైట్ల వైరు అంత అరగదీయదు. ఈ అమ్మవారు పోయిన ఏ ఊళ్ళోనో ఇంకొకావిడ, చాడీలు చెప్పుకునే దిక్కులేక, అన్నీ కడుపులోనే దాచుకుని కూర్చుందేమో. ఛాయాదేవి గరాజ్‌లోంచి పాత చెక్క కర్టెన్ రాడ్లు రెండు తెచ్చింది.

"ఏమండీ, ఓ చెయ్యి వెయ్యండి. మీ డెకరేషన్ పీస్‌ని హాల్లోకి మారుద్దాం."

రాడ్లు రంధ్రాల్లోకి ఇట్టే దిగాయి. ముందు శేషగిరి, వెనక ఛాయాదేవి రాడ్లను భుజాల మీదికి లేపారు. అంత బరువూ ఎటూ ఒరగకుండా, త్రాసులో పెట్టినట్టు లేచింది. నాలుగడుగులు వేసేసరికి శేషగిరి నడక దానంతటదే మారింది. మెల్లగా, కొంచెం ఊగుతూ.

"డాడీ, సేమ్ సినిమాలో లాగే నడుస్తున్నావ్!" మెట్ల మీంచి అంకిత నవ్వింది.

శేషగిరి ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే అమ్మవారు కదులుతుంది.

"సోమవారం లాయర్‌తో మాట్లాడతాను. తర్వాత కాన్సులేట్‌కి రాద్దాం."

"ఎందుకండీ, డెకరేషన్ పీసేగా?" అమ్మవారు వెళ్ళిపోతుందని తెలిసినా ఆ అవకాశం మాత్రం వదులుకోలేకపోయింది ఛాయాదేవి.

"కాదు." రాడ్లు భుజాలకు సర్దుకున్నాడు. "ఇవి వైరు కోసం కాదు ఛాయా. నేను చెప్పింది తప్పు."