చింతపండుతో తోమిన కప్పు

సూపర్ కప్పును చింతపండుతో తోముతుంటే దాని మీద చెక్కిన మొదటి సంవత్సరం ఊడి సింకులో పడుతుంది. పెద్ద చప్పుడేమీ కాదు, చెవి కమ్మ జారిపడ్డట్టు ఉంటుంది. నేను దాన్ని తీసి, కడిగి, గూట్లో ఆరబెట్టి, మళ్ళీ తోముతాను.

ఇది మా జట్టు ఆనవాయితీ. దేశమంతా తిరిగి ఆడే లీగులో నెగ్గిన జట్టూ, ఓడితే ఇంటికి పోవలసిన నాకౌట్ కప్పులో నెగ్గిన జట్టూ ఏడాదికి ఒక్క ఆట ఆడతాయి. గెలిచినవాళ్ళ పేరూ ఆ సంవత్సరమూ సూపర్ కప్పు మీద చెక్కుతారు. మిగతా జట్లు దాన్ని గాజు బీరువాలో పెట్టుకుంటాయి. మావాళ్ళు కెప్టెన్ ఇంటికి తెస్తారు. కెప్టెన్ భార్య అందులో సేమియా పాయసం కాచి ఆటగాళ్ళందరికీ గరిటెతో పోస్తుంది. ఏడాది తిరిగాక తోమి వెనక్కిస్తుంది. ఈసారి కెప్టెన్ మా ఆయన దేవసహాయం. గోల్‌కీపర్. అడుగున పాలు మాడాయి. మాడిన పాలు గుడ్డతో తుడిస్తే పోతాయా?

రెండో సంవత్సరమూ మూడోదీ వాటంతటవే వస్తాయి, స్వెట్టర్ దారం లాగినట్టు.

పక్కింటి ఖుర్షీదాపా పరిగెత్తుకొస్తుంది. చంకలో వాళ్ళాయన ఫోటో ఉంది. మొట్టమొదటి సూపర్ కప్పు ఎత్తింది ఆయనే. ఆ రోజు వానలో ఎవ్వరూ గోలు కొట్టలేదు. నాణెం ఎగరేస్తే ఆయన వైపు పడింది. ఆయన పోయి చాలా కాలమైంది.

"ఏం తోమినవే సుగుణా? చూడు, మా ఆయన చేతుల కప్పు లేదు. ఉత్త చేతులు పైకెత్తి నవ్వుతున్నడు, పిచ్చోని లెక్క."

నవ్వు మాత్రం అలాగే ఉంది. దానికి కారణమే లేకుండా పోయింది.

"అతికిస్త ఆపా. మైదా ఉడకబెడ్త."

"మైదాతోని అంటుకుంటదా అది? నీ మొగనిది ఏ ఏడు?"

"అడుగున. ఆఖర్ది."

"అయితే చెయ్యి అడ్డం పెట్టు, పిచ్చిదానా. నాదెట్లనూ పాయె."

అరచేయి ఆఖరి సంవత్సరం మీద గట్టిగా ఆనిస్తాను. పైనుంచి మిగతావి రాలుతూనే ఉంటాయి. మైదానాన్ని ఎగ్జిబిషన్‌కిచ్చి ఆట ఆపేసిన సంవత్సరాలు నేలను తాకకముందే ఆవిరవుతాయి. ఒకే జట్టు లీగూ కప్పూ రెండూ గెలిచిన ఏడు బరువుగా పడి సింకుకు సొట్ట పెడుతుంది. ఆ ఏడు ఎదురాడడానికి రెండో స్థానంలో వచ్చిన రన్నరప్‌ను పిలిచారు. వాళ్ళు పిలవని పెళ్ళికి వచ్చినవాళ్ళలా తల వంచుకుని ఆడారు, తల వంచుకునే గెలిచారు.

హాల్లో మా ఆయన ఇవ్వాళ్టి ఆట కోసం గ్లవ్స్‌లో పౌడర్ చల్లుకుంటున్నాడు. ఒక్కో ఏడు రాలినప్పుడల్లా ఆయన మోకాలి మీద ఒక్కో మచ్చ మాయమవుతుంది. మీసం పలచబడుతుంది. ఏ ఏడాది ఆట అయ్యాక స్టేడియం గేటు దగ్గర ఆయన నన్ను మొదటిసారి చూశాడో, ఆ ఏడు కూడా రాలుతుంది. ఆయన చప్పున లేచి నిలబడతాడు, పరాయి ఇంట్లో పట్టుబడ్డట్టు.

"అక్కా, ఇది ఎవరిల్లు?"

"మనదే."

"జెర మంచినీళ్ళు ఇస్తరా?"

నీళ్ళివ్వాలంటే కప్పు మీంచి చెయ్యి తియ్యాలి. తీస్తే ఆఖరిది రాలుతుంది. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆటకు ముందు ఆయనకు దాహం ఎక్కువ, అది నాకు తెలుసు. చెయ్యి తీసి గ్లాసులో నీళ్ళు పడతాను.

ఆఖరి సంవత్సరం సరిగ్గా గ్లాసులో పడుతుంది. ఆయన గటగటా తాగేస్తాడు.

"తియ్యగున్నయ్ అక్కా," అంటాడు మూతి తుడుచుకుంటూ.

అప్పుడు ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ నర్సింగరావు గారు మెడలో విజిల్‌తో లోపలికొస్తారు. నున్నటి కప్పులో మొహం చూసుకుని జుట్టు సవరించుకుంటారు.

"పేర్లేవమ్మా?"

"రాలినయ్ సార్. ఆయన పేరొక్కటి చెక్కుండ్రి, మీ కాళ్ళు పట్టుకుంట."

"గెలవనోని పేరెట్ల చెక్కుతం? కప్పు ఎవరింట్ల ఉంటె వాళ్ళే విజేత. అది మీ చేతులనే ఉంది. అంటే లీగూ మీదే, కప్పూ మీదే. రెండూ ఒక్కరివే అయితే రన్నరప్‌తోని ఆడాలె. మీ తర్వాత ఈ ఇంట్ల ఎవరు?"

"మా ఆయన."

"మంచిది. మీరు కొట్టుండ్రి. ఆయన ఆపితే ఆయన పేరు, పోతే మీ పేరు."

నా గుండె కుదుటపడుతుంది. ఆపడం ఒక్కటే ఆయనకు వచ్చిన పని.

వంటింటికీ హాలుకూ మధ్య నడవ మైదానమంత సాగుతుంది. గచ్చు మీద గడ్డి మొలుస్తుంది. హాలు గుమ్మంలో ఆయన మోకాళ్ళు వంచి నిలబడతాడు. ఖుర్షీదాపా గడప మీద కూర్చుని, ఫోటోను కూడా ఆట వైపు తిప్పి పెట్టుకుంటుంది.

నేను బంతిని నెమ్మదిగా, నేరుగా ఆయన చేతుల్లోకి తంతాను. పసిపిల్లకు దొర్లించినట్టు. అది వస్తున్నంతసేపూ ఆయన బంతిని చూడడు, నా మొహం చూస్తాడు. చివర్లో పక్కకు తప్పుకుని దారిస్తాడు. బంతి ఆయన్ను దాటిపోయి దివాన్ కింద ఆగుతుంది.

"ఎందుకు తప్పుకున్నవ్?" అని అరుస్తాను.

"ఏడుస్తున్నరు కదక్కా. గెలవనీ అనుకున్న."

"మంచోళ్ళతోని ఇదే తిప్పలు," అంటుంది ఖుర్షీదాపా.

సెక్రటరీ గారు విజిల్ ఊదుతారు. కప్పు మీద నా పేరు లోతుగా, తప్పుల్లేకుండా పడుతుంది.

"విజేత పేరు చెరిగిపోతే?" అని అడుగుతాను.

"రన్నరప్‌ది ఎక్కుతది. రూలు రూలే."

చింతపండు ఇంకొంచెం నానబెడతాను. పీచు తీసుకుని నా పేరు మీద రుద్దుతాను. మొదటి అక్షరంతో నా పాదాలు పోతాయి. గూట్లో ఆరినవీ సింకులో రాలినవీ సంవత్సరాలన్నీ చీమల్లా బారుకట్టి కప్పెక్కడం మొదలుపెడతాయి. ఫోటోలోని చేతుల మధ్య ఏదో మెరుస్తుంది.

"చాలు ఆగవే! నాది నాకొచ్చింది," అంటుంది ఖుర్షీదాపా. ఆగను. ఆయనది ఇంకా రాలేదు.

రెండో అక్షరంతో నడుము పోతుంది. హాల్లో ఆయన మీసం చిక్కబడుతుంది. "సుగుణా, ఇంకా కాలేదా? టైమైతున్నది," అని కేకేస్తాడు, ఎప్పటి గొంతుతోనే. వస్తున్నా అనడానికి నోరు లేదు. ఆఖరి అక్షరం మిగిలి ఉంది. దాన్ని కూడా రుద్దుతాను.

ఆయన వంటింట్లోకి వస్తాడు. కప్పు మీద తన పేరుంది. దాని పక్కన గాల్లో పీచు ఒంటరిగా తిరుగుతూ ఉంది.

"ఎవరూ?" అంటాడు మెల్లగా.

తరవాత గ్లవ్స్ విప్పి, వాటి మూతులు తెరిచి, పీచు వైపు పట్టుకుంటాడు. వాటి వేళ్ళు నా వేళ్ళతో ఒక్కొక్కటే నిండుతాయి. నిండిన గ్లవ్స్‌తో నేను కప్పును బోర్లిస్తాను. అందులోంచి మొదటి ఏటి వాన వంటింట్లో కురుస్తుంది. ఎగరేసిన నాణెం ఇంకా కిందికి రాలేదు.