ఏడో నంబరు పంజరం

నాంపల్లిలో దోమల కొలువుకు చేరిన నాడు దుర్గయ్య దగ్గరున్న సరుకు ఎడమ చెయ్యి ఒక్కటే. నాలుగేళ్లయినా పెట్టుబడి అదే. ఈ పొద్దు కూడా దాన్ని ఏడో నంబరు పంజరం గుడ్డ తొడుగులోంచి మోచేతి పైదాకా దూర్చి, పది నిమిషాలు గడవాలని గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. చెక్క చట్రానికి తెల్లని దోమతెర బిగించిన పంజరం. లోపల నూట ఇరవై ఆడదోమలు. నెరిసిన వెంట్రుకల మధ్య వాలి, తోకలు పైకెత్తి, ఒక్కొక్కటే ఎర్రగా ఉబ్బుతున్నాయి.

రోజూ చొక్కా చెయ్యి మడవడం దండగని మూడు చొక్కాలకూ ఎడమ చెయ్యి కత్తిరించేశాడు. ఆబిడ్స్‌లో జనం చూసి నవ్వేవారు. సగం ఒంటికైనా గాలి తగులుతోంది కదా అని దుర్గయ్య లెక్క.

డాక్టర్ వామన్‌రావు పరిశోధన ఇది. ఏడు పంజరాల దోమలకూ ముందు దవాఖానలో జ్వరపు రోగి రక్తం తాగిస్తారు. తర్వాత ఆరు పంజరాలకు కుందేలు. చాదర్‌ఘాట్‌లో మూసీ ఒడ్డున పట్టిన ఏడో పంజరం సంతతి మాత్రం కుందేలును ముట్టదు, దానికి దుర్గయ్యే కావాలి. ఎనిమిదో నాడు కోసి చూస్తే ఆరింటి కడుపుల మీదా మలేరియా బొబ్బలుండేవి, ఏడోదాని కడుపు నున్నగా ఉండేది. రోగాన్ని లోపలే చంపుకునే శక్తి ఆ దోమకుందని వామన్‌రావు అరవై పేజీలు రాశాడు. ఎనిమిది రోజుల్లోపు కుడితే రోగం అంటదని దుర్గయ్యకు ధైర్యం చెప్పి, ఏ మందూ మింగనని మొదటి రోజే ఒట్టు వేయించుకున్నాడు. దుర్గయ్య ఒట్టు తప్పలేదు.

ఆ పొద్దున వామన్‌రావు సూక్ష్మదర్శిని మీంచి చాలాసేపు తల ఎత్తలేదు. ఏడో పంజరం దోమకు బొబ్బలు లేచాయి. ఇంకొకటి కోశాడు. దానికీ ఉన్నాయి. ఎండలు ముదిరి గది కాగిపోయిందని, ఈ నెల లెక్కలోకి రాదని తనకు తానే చెప్పుకుని, అరవై పేజీలూ కవరులో పెట్టి అతికించాడు. ఢిల్లీవాళ్లు మెచ్చుకుంటే ఆయనకు పెద్ద ప్రయోగశాల, దుర్గయ్యకు పర్మినెంటు ఉద్యోగం. కవరు ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వెయ్యమన్నాడు.

దారిలో దుర్గయ్య అన్నానికి ఇంటికి వెళ్లాడు. స్టేషను వెనక ఒంటిగది. చెల్లెలి పురుడుకని వెళ్లిన భార్య పోశవ్వ నెల తర్వాత నిన్ననే వచ్చింది. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. మొదటి ముద్దకే దుర్గయ్య మొహం ముడుచుకుంది.

"మళ్ల చేదెక్కిందేందే? నువ్వు లేని నెల హోటల్ల కారం మంచిగుండె."

"మెంతులు జర ఎక్కువ పడ్డయ్."

"నాలుగేండ్ల సంది గట్లనే పడుతున్నయా?"

పోశవ్వ కాసేపు చెంబు తోమినట్టు నటించి, చివరికి గూట్లోంచి ఒక సంచి తీసింది. దుర్గయ్య చొక్కా చెయ్యే, ఒక కొస కుట్టేసి ఉంది. లోపల తెల్లని బిళ్లలు. నౌకర్ల ఇంటివాళ్లు మింగాలని ఆఫీసు నెలనెలా ఇచ్చే మలేరియా బిళ్లలు.

"దినానికొకటి నూరి కల్పిన. ఒట్టేసినోనివి నువ్వు. నేనెయ్యలే."

"మరి నీ బిళ్ల?"

"గదే నీది."

దుర్గయ్య రొట్టె పక్కన పెట్టాడు. ప్రతి వానాకాలం రెండుసార్లు ఆమె గొంగళి కప్పుకుని వణకడం, వాన నీళ్లు ఒంటికి పడలేదని తాను తేల్చేయడం గుర్తొచ్చాయి. తనకు ఒక్కసారీ జ్వరం రాలేదు. తన రక్తం గట్టిదని ఆఫీసులో కూడా చెప్పుకున్నాడు.

పోస్టాఫీసు ముందు ఎర్ర పెట్టెలో కవరు సగం దూర్చి ఆగిపోయాడు. అలవాటు కొద్దీ చెయ్యి కదలకుండా పది నిమిషాలూ నిలబడిందేమో, వెనక ముసలాయన విసుక్కున్నాడు.

"ఏంది భాయ్, చెయ్యి గూడ పోస్టు జేస్తవా?"

కవరు వదిలితే పర్మినెంటు. వదలకపోతే ఏమీ లేదు. నాలుగేళ్ల చెయ్యి తూకంలో పెట్టి చూశాడు. కల్తీ సరుకు కట్టి పంపడానికి మనసొప్పలేదు. కవరు బయటికి లాగి వెనక్కి నడిచాడు.

చెప్పింది విని వామన్‌రావు కళ్లజోడు తీశాడు. నీళ్లలోనా, కారంలోనా అని అడిగాడు. పూటా, కొలతా రాసుకున్నాడు.

"మీ ఆవిడ నాలుగేళ్లు ఒక్క రోజు కూడా తప్పలేదా? ఇంత పక్కాగా పనిచేసేవాళ్లు నా దగ్గర లేరు కద, దుర్గయ్యా."

మనిషి మింగిన బిళ్ల దోమ కడుపులో రోగాన్ని చంపుతుందన్న సంగతైనా రాద్దామనుకుంటే, పరాయి దేశంలో ఎవరో ముందే రాసేశారని తేలింది. అరవై పేజీలను కుందేళ్ల కింద పరిచారు.

దసరా అయ్యాక వామన్‌రావు పుణెలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. సాగనంపడానికి నాంపల్లి స్టేషనుకు దుర్గయ్య ఒక్కడే వచ్చాడు. బండి కదిలేముందు ఆయన కిటికీలోంచి ఖాళీ పంజరాన్ని అందించి, చెయ్యి ఊపాడు. దుర్గయ్య ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసుకు జవానుగా మారాడు, టెంపరరీగానే.

మొత్తం కూడితే చొక్కా చేతులు మూడు పోయాయి, పర్మినెంటు రాలేదు. ఆ ఏటి వానాకాలం మాత్రం పోశవ్వకు జ్వరం రాలేదు. తెల్లారగానే ఎదురుగా కూర్చుని ఆమె బిళ్ల మింగేదాకా దుర్గయ్య లేవడు, నోరు తెరిపించి మరీ చూస్తాడు.

గూట్లో ఏడో నంబరు పంజరం ఉంది. ఈగ దూరదు, పిల్లి చెయ్యి పట్టదు. అందులో పెరుగుముంత, పక్కనే చొక్కా చేతి సంచి.