క్రోధి నామ సంవత్సరపు తలంటు

తెల్లవారేసరికే పొగ.

సరుగుడు కట్టెల పొగ... సముద్రపు గాలికి చెమ్మగిల్లిన కట్టెలు. ఊదితే కళ్లలోకి, ఊదకపోతే ముక్కులోకి.

వాకిట్లో వేప విరగబూసింది. తోటపల్లి గూడూరులో ఇంటింటా ఆ పూట ఉగాది.

వెంకటశేషమ్మకు మాత్రం కాగు.

పెరట్లో మట్టిగోడల స్నానాల గది. గదిలో రాగి కాగు. కాగు కింద పొయ్యి — దాని నోరు మాత్రం గోడకు బయటివైపు. లోపల ఒకరు పోసుకుంటూ ఉంటే, బయట ఒకరు మండిస్తూ ఉండాలి.

కాపురానికి వచ్చిన ఏటి నుంచీ ఆ బయటి మనిషి ఆమే.

ముందు ఇంటి అల్లుడికి. ఆడబిడ్డ మొగుడు, కోవూరు నుంచి వచ్చాడాయె. తర్వాత అత్తకు, పిల్లలకు. తర్వాత ఆడబిడ్డ ప్రమీలమ్మకు — బారెడు జుట్టు, ఎంత కుంకుడు పులుసైనా చాలదు. మధ్యలో బొబ్బట్లకు పూర్ణం. మధ్యలో "పచ్చడికి మామిడికాయ తరిగినావా వదినా?" మధ్యలో "నా పంచె యాడ పెట్టినావు?"

అందరూ కొత్త బట్టల్లో, తడి జుట్టుతో, కొత్త మనుషుల్లా తిరుగుతుంటారు.

ఆమె ఒక్కతే పాత ఏడాదిలో మిగిలిపోతుంది.

ఆఖరికి కాగు అడుగున గోరువెచ్చని నీళ్లు నాలుగు చుక్కలు. అదీ ఆమె తలంటు.

ఈ ఏడూ అందరిదీ అయింది, ఇక పద్మనాభయ్య ఒక్కడే మిగిలాడు. ఆమె మొగుడు. తల నిండా నూనె పట్టించుకుని, అరుగు మీద పంచాంగం తిరగేస్తున్నాడు.

"ఈ ఏడు క్రోధి నామ సంవత్సరం బావా. జనాలకి నిండా కోపాలంట," అని నవ్వాడు.

అప్పుడు అడిగింది ఆమె. మెల్లగానే అడిగింది.

"ఏమండీ, ఈ కాగు నేను పోసుకుంటా. మీకు ఇంకో కాగు కాచి పెడతా."

అతను పంచాంగంలోంచి తల ఎత్తలేదు.

"నీదేముందిమే. ఆఖర్న రెండు చెంబులు గుమ్మరించుకుంటే అయిపోతుంది."

అయిపోతుంది...

కోపం రాలేదామెకు. కోపానికి ఓపిక కావాలి. వచ్చింది విసుగు — ఏళ్ల తరబడి పేరుకున్న విసుగు, చేతులకంటిన మసిలాగా.

ఊదుగొట్టం కింద పెట్టింది. దండెం మీది తువ్వాలు లాగింది. లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

మొదటి చెంబు.

వేడి నీళ్లు వీపు మీద జారాయి. భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్లూ వాటిని ఎత్తిపట్టుకునే బతికిందని అప్పుడు తెలిసింది.

"వదినా, పూర్ణం అడుగంటతా ఉండాది."

"దించుకో ప్రమీలా."

తలుపు మీద చప్పుడు. పద్మనాభయ్య.

"మే, నూనె కళ్లల్లోకి కారతా ఉండాది. ఇంకెంతసేపు?"

ఇంకో చెంబు... ఇంకోటి. కళ్లు మండాయి. కుంకుడు నురగేలే అనుకుంది.

అప్పుడు పిచ్చమ్మ గొంతు. ఆమె అత్త. కోడలి పక్షాన ఏనాడూ ఒక్క మాట మాట్లాడని మనిషి.

"పద్మనాభా."

"ఏందిమా?"

"దిమ్మిసాలా నిలబడి ఏం చేస్తావురా? పొయ్యి ఆరిపోతా ఉండాది. కూర్చోని కట్టె ఎగదొయ్యి."



కాసేపటికి గోడవతల కట్టె జరిగిన చప్పుడు. ఊదిన చప్పుడు. దగ్గు... మగమనిషి దగ్గు. కాగులో నీళ్లు మళ్లీ సన్నగా పాడటం మొదలుపెట్టాయి.

తలుపు దగ్గరికి అడుగులు వచ్చి ఆగాయి. ఈసారి పిచ్చమ్మ గొంతు బాగా తగ్గింది.

"శేషమ్మా, గడియ తియ్యి. వీపు రుద్దుతా."

వెంకటశేషమ్మ చెయ్యి గడియ దాకా పోయింది.

ఇప్పుడా అత్తా, అనుకుంది. ఇన్నేళ్లకా...

ఇనప గడియ తడిగా, వెచ్చగా ఉంది. దాని మీద చెయ్యి అట్లాగే ఉంచి నిలబడింది.

"రొవంతసేపుండత్తా," అంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. చెంబు ముంచింది.